రోజూ బొమ్మకు కొత్త ఊహ ఎక్కడ దొరుకుతుంది? నెల్లూరు, ప్రకాశం వాళ్లు చెప్పండి

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. పెళ్లి కార్డులు, పిల్లల కథలకు బొమ్మలు, పచ్చళ్ల సీసాలకు లేబుళ్లు వేస్తుంటాను. ఇంట్లోనే పని. పొద్దున కూర్చోగానే పింటరెస్ట్ తెరుస్తాను, తర్వాత డిజైనర్లు తమ పనులు పెట్టే బిహాన్స్ సైటు, ఆ తర్వాత ఇన్‌స్టా. మంచి బొమ్మలు చాలానే కనిపిస్తాయి, సేవ్ చేసుకుంటాను. తీరా పెన్ను పట్టుకునేసరికి చెయ్యి ఆడదు. ఆడినా, పొద్దున చూసినవాటిలోనే ఏదో ఒకటి మళ్లీ వేసినట్టు ఉంటుంది. చిన్న తల, పొడుగాటి కాళ్లూ చేతులూ ఉన్న మనుషులు, పక్కన పెద్ద ఆకుల మొక్క. అలాంటి మనిషినీ ఆ మొక్కనీ నేను నెల్లూరులో ఎక్కడా చూడలేదు.

ప్రకృతిలోకి వెళ్లు, రెస్ట్ తీసుకో లాంటి సలహాలు చాలా చదివాను. నాకు కావాల్సింది వేరే. మన చుట్టుపక్కల మీరు దేన్ని చూశారు, అందులోంచి మీ పనిలోకి ఏం వచ్చింది? ఏ ఊరు, ఏ వస్తువు, ఏ బొమ్మ, అంత వివరంగా చెప్పండి. నాలాగే ఇంకొంతమందికి పనికొస్తుంది.

కందుకూరు డీటీపీ

మంచి మాట అడిగావమ్మా. పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, యూనికోడ్ రాకముందు తెలుగు కొట్టిన అను ఫాంట్లు, ఆ కాలం నుంచీ నేను ఈ పనిలో ఉన్నా. నేను చూసేది అక్షరాలు.

మా బజారులో ఇంకా కొన్ని చేత్తో రాసిన బోర్డులు మిగిలున్నాయి. ఎరువుల కొట్లు, సోడా షాపులు, లారీల వెనక తలుపులు. ఫోటో తీసేటప్పుడు బోర్డు మొత్తం తీయను, ఒక్క అక్షరమే తీస్తా. మొత్తం చూస్తే పాతకాలం బోర్డు బాగుందే అనిపించి అంతటితో ఆగిపోతాం. ఒక్క 'క్ర' మాత్రమే కళ్లముందు పెట్టుకుంటే రాసిన మనిషి చెయ్యి తెలుస్తుంది. క్రావడిని ఎక్కడ మొదలుపెట్టాడు, ఎక్కడ కుంచె ఎత్తాడు, రంగు ఎక్కడ పలచబడింది, అన్నీ దాంట్లో ఉంటాయి. చదును కుంచెను ఒకే వాలులో పట్టుకుని తిప్పితే లావూ సన్నం వాటంతట అవే వస్తాయి. మనం కంప్యూటర్లో గీత మందాన్ని నంబరు కొట్టి పెడతాం కాబట్టి ఈ సంగతి మనసులో నిలవదు.

ఒక మిఠాయి కొట్టుకు పేరు రాయాల్సి వచ్చినప్పుడు లారీ తలుపు మీది తలకట్టు పనికొచ్చింది. ఆ పెయింటరు తలకట్టును కుంచె ఒక్కసారి ఆనించి పైకి లాగేసి వదిలాడు. చివర సన్నగా చీలింది. పేరులో ఉన్న తలకట్లన్నీ అదే ఊపుతో నేను కుంచెతో కాగితం మీద రాసి, స్కాన్ చేసి, వాటిలో బాగున్నవి ఏరుకున్నా. ఏ ఫాంటులోనూ ఆ కొస దొరకదు.

నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే. ఒక వస్తువు నచ్చితే వెంటనే దాని బొమ్మ గీయను. ముందు దాన్ని ఎట్టా చేశారో కనుక్కుంటా. చేసే పద్ధతి తెలిసిందంటే పనికొచ్చే ఊహ దాంట్లోనే ఉంటుంది.

పొగాకుతోట (కొండపి)

నేను రంగుల సంగతి చెప్తా. ఇంట్లో పొగాకు సాగు, నేను ఒంగోల్లో వెబ్ డిజైన్ చేస్తాను. సీజన్లో ఇంటికి పోతే నేను కూర్చునేది ఆకు గ్రేడింగ్ చేసే చోట. బ్యారన్‌లోంచి, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదిలోంచి, దించిన ఆకును ఆడవాళ్లు రంగును బట్టి విడదీస్తారు. దూరం నుంచి చూస్తే అన్నీ పసుపే. వాళ్ల ముందు గుట్టలు మాత్రం వేరువేరు. నిమ్మపండు పసుపు ఒకటి, నారింజ వైపు తిరిగిన పసుపు ఒకటి, అంచు మాడి ఎర్రబారింది ఒకటి, పచ్చి వదలని ఆకు ఒకటి. ఆకు చేతిలోకి తీసుకుంటారు, వెలుగు వైపు ఒకసారి తిప్పుతారు, గుట్టలో వేస్తారు. రెండు పసుపుల మధ్య తేడా నాకు కనిపించేలోపు వాళ్ల చేతిలో మూడో ఆకు ఉంటుంది.

ఆ రంగు బ్యారన్‌లోనే తేలుతుంది. మొదట 35, 38 డిగ్రీల దగ్గర తేమ ఎక్కువగా ఉంచి ఆకు పసుపు తిరిగేదాకా ఆగుతారు. తర్వాత మెల్లగా వేడి పెంచి ఆ పసుపు నిలబడేలా చేస్తారు. చివర్లో మధ్య ఈనె ఎండడానికి 70 దాకా తీసుకుపోతారు. తొందరపడి ముందే వేడి పెంచితే ఆకులో పచ్చి ఉండిపోతుంది, ఆలస్యమైతే గోధుమరంగులోకి పోతుంది. అంటే ఆ గుట్టల్లో పక్కపక్కనున్న రంగులన్నీ ఒకే ఆకు వేర్వేరు ఘడియల్లో ఆగిపోయినవి. అందుకే అవి ఒకదానితో ఒకటి అంత బాగా కలుస్తాయి.

ఒక్కో గుట్ట నుంచి ఒక ఆకు తీసి, తెల్ల కాగితం మీద పరిచి, పొద్దుటి ఎండలో నీడ పడకుండా ఫోటో తీశా. అందులోంచి తీసిన రంగులు ఒక తేనె అమ్మేవాళ్ల వెబ్‌సైటుకు వాడా. వెనక నిమ్మపసుపు లేత ఛాయ, బటన్లకు నారింజ పసుపు, అక్షరాలకు మాడిన ఆకు రంగు. వెబ్‌లో మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్టు, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలని అందరూ పాటించే ప్రమాణం. పసుపు మీద తెల్ల అక్షరం పెడితే అది రాదు. మాడిన ఆకు రంగు పెడితే సులువుగా దాటింది. వాళ్లు "తేనెకి సరిగ్గా సరిపోయింది" అన్నారు. పొగాకు అని నేను చెప్పలేదు.

కావలి ఫ్లెక్స్

అందరూ బాగా చెప్తున్నారు కానీ నా పరిస్థితి వేరే అన్నా. నాది ఫ్లెక్స్ షాపు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి తెల్లారేసరికి ఎనిమిదడుగుల బ్యానర్ కావాలంటారు. పుట్టినరోజు, పుష్పవతి, గృహప్రవేశం, సంతాపం. నెమలి పెట్టు, తామరపువ్వు పెట్టు, వెనక గోల్డ్ కలర్ పెట్టు అంటారు. ఫోటోలు సర్దే టైమే ఉండదు, ఇంక బజారుకు పోయి అక్షరాలు చూసేదెప్పుడు? నెట్‌లో డౌన్‌లోడ్ చేసిన పీఎన్‌జీ బొమ్మలే దిక్కు. పక్క షాపులోనూ అవే. ఒకే వీధిలో రెండు ఇళ్ల ముందు ఒకే నెమలి నిలబడి ఉంటే నాకు బాధేస్తుంది. ఏం చేయమంటారు?

కందుకూరు డీటీపీ

తమ్ముడూ, మూఢంలో ఏం చేస్తావు నువ్వు? ఆషాఢంలో? ముహూర్తాలు లేని రోజుల్లో షాపు ఖాళీగానే ఉంటుంది కదా. నీకు సొంత సరుకు తయారయ్యేది అప్పుడే. సీజన్లో ఎవరికీ ఊహలు రావు, దాచుకున్నవి తీసి వాడుకోవాలంతే. నాలుగు మూలలకు నాలుగు డిజైన్లు, రెండు అంచులు, ఒక పీట లాంటి ఫ్రేము. అంతే చాలు, సంవత్సరం నడుస్తుంది.

చేత్తో నల్ల ఇంకుతో గీయి. ఫోన్‌తో ఎండలో ఫోటో తీయి. ఇంక్‌స్కేప్ అని బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉచితమే, దాంట్లో ట్రేస్ బిట్‌మ్యాప్ అని ఉంటుంది, గీతను వెక్టార్, అంటే ఎంత సైజుకైనా సాగే గీత, చేసేస్తుంది. అప్పుడు కార్డు మీద రెండంగుళాలు చేసినా, బ్యానర్ మీద పదడుగులు చేసినా గీత చెదరదు. ఫోటోలకైతే ఫ్లెక్స్‌లో అసలు సైజు దగ్గర 72 డీపీఐ (అంగుళానికి 72 చుక్కలు) ఉన్నా దూరం నుంచి చూసేవాళ్లకు తేడా తెలియదు కానీ, అంచు గీతలు పగిలితే మాత్రం ఎదురింటి నుంచి కూడా కనపడుతుంది.

కావలి ఫ్లెక్స్

మూఢంలో సరుకు చేసుకోవడం. ఇది నాకు తట్టలేదు అన్నా. పట్టుకున్నా.

పడుగుపేక (వెంకటగిరి)

ఇప్పుడు మేము తిరుపతి జిల్లా కిందికి వచ్చాం కానీ నెల్లూరు వాళ్లతోనే కూర్చుంటాం, ఏమీ అనుకోకండి.

మాది నేత ఇల్లు. కందుకూరు అన్న చెప్పిన మాట, అదే చేసే పద్ధతిని చూడమన్నది, నేను మా ఇంట్లో ఉన్నదాంతో చెప్తాను. జాందానీ బుటా (చీర మీద నేసే బొమ్మ) అంటే మగ్గం మీద పేక, అదే అడ్డపోగు, వేస్తూనే, బుటా వచ్చే చోట మాత్రం అదనపు దారాన్ని చేత్తో దూర్చి పోవడం. ముందు గ్రాఫ్ కాగితం మీద గీస్తారు. గడిని బట్టి పోగులు లెక్క. కాబట్టి నిజమైన వంపు అంటూ ఉండదు, మెట్లుమెట్లుగా పోతుంది. హంస మెడ చూడండి. మెడ వంపు తిరిగే చోట ఒక గడి పక్కకు, రెండు గడులు పైకి, మళ్లీ ఒకటి పక్కకు. నూరో నంబరు నూలు సన్నం కాబట్టి చీర మీద ఆ మెట్లు కంటికి వంపులాగే కనపడతాయి. అదే బుటాను ముతక నూలు మీద వేస్తే ముక్కు మొద్దుబారుతుంది. మా నాన్న అందుకని ముతక బట్టకు వేరే హంసను గీస్తాడు, మెడ పొట్టిగా, తోక వెడల్పుగా. పక్షి ఒకటే, పోగును బట్టి రూపం మారుతుంది.

నేను యాప్‌లకు ఐకాన్లు వేస్తాను. 16 పిక్సెళ్ల ఐకానుకు, 64 పిక్సెళ్ల ఐకానుకు ఒకే బొమ్మను చిన్నదీ పెద్దదీ చేసి పెట్టేస్తుంటారు చాలామంది. నేను రెండుసార్లు వేరువేరుగా గీస్తాను. నాకు అది ఎవరూ క్లాసులో చెప్పలేదు, మగ్గం గుంట దగ్గర నేర్చుకున్నదే.

ఇంకో మాట, దీన్ని కాస్త గట్టిగా చెప్తున్నాను. చీర మీద బుటాకు ఫోటో తీసి, ట్రేస్ చేసి ఫోన్ కవర్ల మీద అమ్ముకునేవాళ్లను చూశాను. వెంకటగిరి చీరకు జీఐ, అంటే ఊరి పేరుతో వచ్చే భౌగోళిక గుర్తింపు, ఉంది కదా అంటారు కొందరు. జీఐ ఆ పేరును కాపాడుతుంది, వేరే చోట నేసింది ఆ పేరుతో అమ్మకూడదు. అంతవరకే. ఒక్కో బుటా గీసిన మనిషికి దాంట్లో ఏ రక్షణా ఉండదు. కాబట్టి ఆ బాధ్యత మన మీదే ఉంటుంది. చూడండి, నేర్చుకోండి, లెక్క పట్టుకోండి. బుటాను బుటాగానే తీసుకోవాలంటే మాత్రం ఇంటికొచ్చి అడగండి, డబ్బులివ్వండి, పేరు వేయండి.

పెన్నాగట్టు (నెల్లూరు)

అక్కా, ఈ మాట నేను స్క్రీన్ పక్కన రాసి పెట్టుకున్నాను. ఆ ముతక బట్ట హంస గురించి ఇంకా చెప్పండి, వీలైతే.

మైపాడు రోడ్డు

నేను ఒక చిన్న తేడా మాట చెప్పాలి. ఇంటర్నెట్‌లో చూడటమే తప్పన్నట్టు మాట్లాడుకుంటే నేను ఒప్పుకోను. మా ఊళ్లో బొమ్మల స్కూలు లేదు, చెప్పేవాళ్లు లేరు. నేను నేర్చుకున్నదంతా ఫోన్లోనే. బాపు గీతను మొదట చూసింది ఫోన్లోనే. వపా (వడ్డాది పాపయ్య) రంగులు చూసింది ఫోన్లోనే. తేడా ఎక్కడొస్తుందంటే, వేలితో పైకి తోస్తూ పోవడంలో. ఒక్క బొమ్మ దగ్గర అరగంట ఆగితే అదే ఫోను గురువవుతుంది.

నేను చేసేది చెప్తా. చందమామ పాత సంచికలు ఇంట్లో ఉన్నాయి. శంకర్ గారు (1924–2020) వేసిన నలుపు తెలుపు బొమ్మ ఒకటి తీసుకుని, మీద ట్రేసింగ్ కాగితం పరిచి, గీతలన్నీ వదిలేసి నల్లగా నింపిన చోట్లు మాత్రమే పెన్సిల్‌తో నింపుతా. అప్పుడు తెలుస్తుంది, ఆ నలుపు ముక్కలు కన్నును ఎక్కడి నుంచి ఎక్కడికి నడిపిస్తున్నాయో. చెట్టు మొదలు దగ్గర పెద్ద నలుపు, మనిషి జుట్టు దగ్గర చిన్న నలుపు, దూరాన కోట కిటికీలో ఇంకా చిన్నది. ఇది చేశాక నా సొంత బొమ్మలో గీతల కన్నా ముందు నలుపు ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తున్నా.

పెన్నాగట్టు (నెల్లూరు)

అన్నా, మీరన్నది నిజం. పొద్దున్నే ఫోన్ తెరవకుండా, చేతిలో ఒక ప్రశ్న పెట్టుకుని తెరిస్తే వేరేగా ఉంటుందేమో. ఈ ట్రేసింగ్ పద్ధతి రేపే చేస్తాను.

పలకబలపం (మార్కాపురం)

నేను స్కూల్లో డ్రాయింగు చెప్తాను. మా ఊరి పలకల సంగతి అందరికీ తెలుసు. రాయి పొరలుపొరలుగా విడుతుంది కాబట్టే పలక అయింది. ఒకప్పుడు ప్రతి పిల్ల చేతిలో ఉండేది, ఇప్పుడు నోటు పుస్తకాలొచ్చి పలక తగ్గింది. నేను మాత్రం క్లాసులో ఇంకా పలకే ఇస్తాను, పెద్ద పిల్లలకు కూడా.

కారణం చెప్తాను. తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో గీస్తే మనం నీడను గీస్తాం. నల్ల పలక మీద బలపంతో గీస్తే వెలుగును గీయాలి. ఒక ఇత్తడి చెంబు కిటికీ దగ్గర పెట్టి, చెంబు గీయొద్దు, వెలుగు పడ్డ చోటు మాత్రమే గీయండి అంటాను. మొదట్లో పిల్లలంతా అలవాటుగా చెంబు చుట్టూ గీత గీసేస్తారు. తుడిపిస్తాను. మళ్లీ చూడమంటాను. మెడ దగ్గర ఒక సన్నటి వంక, పొట్ట మీద ఒక నిలువు మరక, అడుగున నేల నుంచి తిరిగొచ్చిన మసక వెలుగు, నోటి అంచున ఒక మెరుపు. నాలుగే గీతలు. వెనక్కి జరిగి చూస్తే చెంబు వచ్చేసి ఉంటుంది, చుట్టూ గీత లేకుండానే. ఆ క్షణంలో పిల్లల మొహాలు చూడాలి. ఒక అమ్మాయి పలక తిప్పి తిప్పి చూసుకుంది, చెంబు ఎక్కడి నుంచి వచ్చిందా అని.

డిజైన్ చేసేవాళ్లు డార్క్ మోడ్ అంటుంటారు కదా. తెల్ల డిజైన్ రంగుల్ని తిరగేస్తే డార్క్ మోడ్ అవదు. నల్లటి చోట ఏది వెలగాలో మొదటి నుంచీ ఎంచుకోవాలి. పలక మీద రోజూ కాసేపు గీస్తే అది చేతికి వస్తుంది. తుడిచేస్తాం కాబట్టి దాచుకోవాలన్న టెన్షన్ కూడా ఉండదు, ధైర్యంగా గీస్తాం.

ఒంగోలు స్టూడెంట్

మేడం, సూపర్. నాకొక డౌట్. ఇవన్నీ తిరిగి చూడటానికి టైం పడుతుంది. ఏఐని అడిగితే నిమిషంలో బొమ్మ వస్తుంది కదా. నేను ఒంగోలు గిత్త బొమ్మ అడిగాను, బాగానే వచ్చింది. కాలేజీ ఫెస్ట్ పోస్టరుకు పెట్టేద్దామనుకుంటున్నా. ఇక్కడ పెట్టాను, ఎవరైనా చూసి చెప్తారా?

గుండ్లకమ్మ

చూశాను బాబూ. అది ఒంగోలు గిత్త కాదు. కొమ్ములు పొడుగ్గా పైకి లేచి ఉన్నాయి. మన గిత్తకు కొమ్ములు పొట్టిగా, మొద్దుగా, పక్కకీ వెనక్కీ తిరిగి ఉంటాయి. మూపురం ఏఐ వీపు మధ్యలో పెట్టింది, అది భుజాల మీద ఉండాలి. గంగడోలు మడతలు పడి మెడ నుంచి ముందుకాళ్ల మధ్యదాకా వేలాడాలి. కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు ఉండాలి. మగదానికి తల, మెడ, మూపురం మీద బూడిద ఛాయ వస్తుంది, ఒళ్లంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండదు. ఈ జాతి 19వ శతాబ్దంలోనే సముద్రం దాటి బ్రెజిల్ పోయింది, అక్కడ లక్షల మందలుగా పెరిగి మన నెల్లూరు పేరుతోనే నెలోర్ అనిపించుకుంటోంది. ప్రపంచమంతా గుర్తుపట్టే పశువును ఒంగోలు కాలేజీ పోస్టరు మీద తప్పుగా వేయొద్దు.

పోస్టరు సంగతి అట్టుంచు. బండలాగుడు పోటీలకు ఒకసారి చిన్న పుస్తకం పట్టుకుని పో. నిలబడ్డ గిత్తను గీయకు, లాగే గిత్తను గీయి. అరనిమిషం కన్నా ఎక్కువ దొరకదు, దొరికినంతే గీయి. లాగేటప్పుడు తల కిందికి దిగుతుంది, మూపురం అన్నిటికన్నా ఎత్తున నిలుస్తుంది, వెనక కాళ్లు నేలలో దిగబడి వీపు ఒక్క వాలుగా తయారవుతుంది. మూపురం నుంచి వెనక గిట్టదాకా ఒక్క గీత. ఆ గీత పడిందంటే మిగిలిందంతా తర్వాత నింపుకోవచ్చు. ఆ గీత ఏఐ ఇచ్చినదాంట్లో లేదు.

ఒంగోలు స్టూడెంట్

మా తాత కూడా కొమ్ములు తప్పని అన్నాడు, నేను పట్టించుకోలేదు. వెళ్తాను సార్, గీసి ఇక్కడే పెడతా.

చీమకుర్తి క్వారీ

చిన్న పాయింటు. గ్రానైటు పాలిషింగ్ ఫ్యాక్టరీల బయట పగిలిన బ్లాక్ గెలాక్సీ గ్రానైటు ముక్కలు పడి ఉంటాయి. నల్లరాయిలో బంగారు చుక్కలు, ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ముక్కను చేతిలో తిప్పితే అన్ని చుక్కలూ ఒకేసారి మెరవవు, వంతులవారీగా మెరుస్తాయి. నేను మోషన్ గ్రాఫిక్స్ చేస్తాను. నక్షత్రాలు, దీపాలు మెరిసే సీన్ ఎప్పుడొచ్చినా ఆ ముక్క తిప్పి చూసుకుని టైమింగ్ పెట్టుకుంటా.

ఉదయగిరి కొండ

మా వైపు రెండున్నాయి. ఒకటి ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు. జీఐ వచ్చిన సరుకే. రెండోది డీసీపల్లి వైపు తోలుబొమ్మలు. ఈ రెండింటిలో నన్ను పట్టుకున్నది ఖాళీ.

తోలుబొమ్మకు మేకతోలును వెంట్రుకలు పోయేలా గీకి, వెలుతురు దూరేంత పలచగా ఆరబెడతారు. గీత గీసి, రంగు వేసి, నగలున్న చోట ఉలితో చిన్న చిన్న చిల్లులు కొడతారు. హారమంటే చిల్లుల వరసే. వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి తెల్లటి వెలుగు వస్తుంది, రంగు తోలులోంచి రంగు వెలుగు వస్తుంది. పగలు చేతిలో పట్టుకుని చూస్తే నగలు లేనట్టే ఉంటాయి. చిల్లుకీ చిల్లుకీ మధ్య ఎంత తోలు వదలాలో వాళ్లకు తెలుసు, తక్కువ వదిలితే ఆటలో ఊపుకు చిరుగుతుంది. చెంచా పిడి మీద చెక్కే పని కూడా అంతే. తీసేసిన చోటు అందమిస్తుంది, వదిలిన చోటు బలమిస్తుంది, రెండూ ఒకేసారి లెక్కేసుకోవాలి.

పెన్నాగట్టు అమ్మా, మీరు లేబుళ్లు వేస్తానన్నారుగా. నల్ల కాగితం మీద పేరు రాసి బ్లేడుతో కోసి చూడండి. స్క్రీన్ మీద ఎన్నాళ్లు కూర్చున్నా రానిది అక్కడ వస్తుంది.

పెన్నాగట్టు (నెల్లూరు)

ఉదయగిరి అన్నా, మీరు చెప్పినట్టు కోశాను. ఏం జరిగిందో మొత్తం రాస్తున్నాను, ఎందుకంటే ఇది నాకు చాలా పెద్ద సంగతి.

చేతిలో ఉన్న పని చింతకాయ పచ్చడి లేబుల్. నల్ల డ్రాయింగు షీటు మీద 'చింతకాయ పచ్చడి' అని లావుగా రాసి కోయడం మొదలుపెట్టాను. 'చిం' దగ్గరే ఆగాల్సి వచ్చింది. సున్నా కోయగానే మధ్యలో ఉన్న గుండ్రటి ముక్క ఊడి కింద పడింది. చి మీద గుడి కోస్తే దాని లోపలి ముక్కా పడింది. అక్షరం నిలవాలంటే లోపలి ముక్కను బయటి కాగితంతో కలిపే సన్నటి వంతెన ఉండాలి. ఎక్కడ పెట్టాలి? నిలువుగా పైనా కిందా పెట్టి చూశాను, సున్నా రెండు ముక్కలై బ్రాకెట్లలా కనిపించింది. అడ్డంగా పెట్టినా అంతే. ఏటవాలుగా పెట్టాక సున్నా సున్నాలాగే ఉంది, పైగా తిరుగుతున్నట్టు అనిపించింది. అదే వాలు చి మీది గుడికి, చివర 'డి' మీది గుడికి కూడా పెట్టాను. పేరులో మూడు చోట్ల ఒకే వాలు కోత. కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంటే అక్షరాల్లోంచి ఎండ వస్తోంది.

ఆ మూడు కోతలనే పట్టుకుని లేబుల్ మొత్తం చేశాను. అంచు మీద చింతకాయలు అదే వాలులో, కాయ గింజల దగ్గర అదే సన్నటి వంతెన. రంగులు రెండే. పచ్చడి వాళ్లకు పంపితే గోంగూరకు, మాగాయకు కూడా ఇట్లాగే కోసి ఇమ్మన్నారు. మాగాయలో సున్నా లేదు, గుడీ లేదు. దానికి వంతెన ఎక్కడ వస్తుందో ఇంకా చూడాలి, దానికోసమే ఆత్రంగా ఉంది.

ఉదయగిరి కొండ

ఎంత బాగా చేశారమ్మా. సీసా మీద అంటించాక ఒక ఫోటో పెట్టండి.

మైపాడు రోడ్డు

ఏటవాలు కోత అద్భుతం. ఒక ప్రశ్న. చేత్తో కోసే టైం లేనప్పుడు అమ్మకానికి వాడుకోదగ్గ ఉచిత తెలుగు ఫాంట్లు ఏవి? ఇంకోటి, ఇలస్ట్రేటర్లో ఒత్తులు విడిపోయి పక్కకు పడుతున్నాయి.

కందుకూరు డీటీపీ

గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, గిడుగు, ధూర్జటి, ఎన్టీఆర్, అనేక్ తెలుగు ఉన్నాయి. అన్నీ ఓపెన్ లైసెన్సే, లోగోకీ ప్యాకింగుకీ వాడుకోవచ్చు, ఫాంటును ఫాంటుగా విడిగా అమ్మకూడదంతే. అనేక్‌లో సన్నం నుంచి లావుదాకా, ఇరుకు నుంచి వెడల్పుదాకా ఉంటాయి, లేబుళ్లకు బాగుంటుంది. ఇవన్నీ యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ చదివే అక్షరాల పద్ధతి, కాబట్టి వెబ్‌సైటులో పెట్టినా వెతికితే దొరుకుతుంది. అను ఫాంట్లతో కొట్టింది అట్టా దొరకదు.

ఒత్తులు విడిపోతుంటే పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉన్న కంపోజర్ ఎంచుకో. అది కనపడకపోతే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర ఇండిక్ ఆప్షన్ టిక్ పెట్టు.

కావలి ఫ్లెక్స్

అన్నా, నేను మూఢం దాకా ఆగలేదు. మొన్న ఒక గృహప్రవేశం ఆర్డరు వచ్చింది, తుమ్మలపెంట మత్స్యకారుల ఇల్లు. తెల్లారి రేవుకు పోయి పడవల మూతులు చూశా. ఒక్కో పడవకు ముందు భాగంలో రంగుపట్టీలు, మూతి దగ్గరికి పోయేకొద్దీ సన్నబడి ఒక్క చోట కలుస్తాయి. పట్టీలు ఎట్టా గీస్తారని అడిగితే తాడు పట్టుకుని, సుద్దతో కొట్టి, దాని వెంట రంగు వేస్తామన్నారు. అందుకే ఆ గీతలు అంత సాపుగా ఉన్నాయి. బ్యానర్ రెండు వైపులా అట్టాంటి పట్టీలే పెట్టా, నీలం, ఎరుపు, తెలుపు. నెమలి పెట్టలేదు. ఇంటాయన చూసి, తన పడవ పట్టీలు గుర్తుపట్టి, వాళ్ల తమ్ముడికి ఫోన్ చేసి పిలిచాడు.

ఒక్కటే బాధ. స్క్రీన్ మీద నీలం మిలమిల్లాడింది, ఫ్లెక్స్‌లో మసకబారి ఊదాలోకి తిరిగింది. ఎందుకట్టా?

కందుకూరు డీటీపీ

శభాష్ తమ్ముడూ. నీలం సంగతి ఇది. స్క్రీన్ రంగు వెలుగుతో వస్తుంది, ఫ్లెక్స్ మీద నాలుగు ఇంకులతో వస్తుంది. ఆ మిలమిల్లాడే నీలం ఇంకుల్లో లేదు, మెషిన్ దగ్గరున్నదేదో వేస్తుంది. ఫైలు మొదటి నుంచీ సీఎంవైకేలో, అంటే ఆ నాలుగు ఇంకుల (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు) లెక్కలో, చేయి. నీలంలో మెజెంటా ఎక్కువుంటే ఊదాలోకి పోతుంది, కాబట్టి సయాన్ నిండుగా ఉంచి మెజెంటాను 60 లోపే పెట్టుకో. ఈసారి ప్రింటు వేసేటప్పుడు రోలు పక్కన మిగిలే ఖాళీలో నాలుగు రకాల నీలం గడులు వేయించుకుని, వాటి పక్కనే అంకెలు రాసి షాపు గోడకు అంటించుకో. ఆ మెషిన్‌కు ఏ నీలం వస్తుందో నీకు తెలిసిపోతుంది. ఎరుపుకీ అట్టాగే చేయి, ముఖ్యంగా కుంకుమ రంగుకు.